ఫిస్టులా బాగుంది సరే, రక్తం గుండెకి పోయే దారి చూశారా?

పోయిన నెల డయాలసిస్ ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో ధమనినీ సిరనీ కలిపి చేసే దారి, దాని గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కుప్పలుగా వచ్చి పడ్డాయి, అందులో సగానికి పైగా ఒకటే గోల, చెయ్యి వాచిపోయింది, ఛాతీలో నరాలు మూసుకుపోయాయన్నారు, ఇంక ఫిస్టులాకి చోటు లేదన్నారు అని. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. పేరు వేయొద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయలేదు, ఊరు మాత్రం ఉంచాను. ఇంకో మాట, చేతి మీద నీలంగా కనపడేవాటిని మనం నరాలంటాం గానీ అవి సిరలు, నరం అంటే వేరే. ఇక్కడ నేను కూడా సగం చోట్ల నరం అనే రాస్తాను, ఇంట్లో అలవాటైన మాట కదా, తోటి డాక్టర్లు తిట్టుకోకండి.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్కారం. మాది ఉద్దానం, కొబ్బరి తోటల ఊరు, మా వీధిలోనే కిడ్నీ జబ్బు వాళ్ళు నలుగురున్నారు. మా అమ్మకి 51. మూడేళ్ళ కిందట ఒక్కసారిగా ఆయాసం వచ్చి పడిపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 14 ఉందని ఆ రాత్రే ఎడమ వైపు కాలర్ ఎముక కింద పైపు వేసి డయాలసిస్ ఎక్కించారు. నెలన్నరకి దానికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది, తీసేసి కుడి మెడలో ఇంకోటి వేశారు, తర్వాత ఎడమ మోచేతి దగ్గర ఫిస్టులా చేశారు. ఫిస్టులా బాగానే ఉంది, చెయ్యి ఆనిస్తే జుమ్మంటుంది. కానీ నాలుగు నెలల నుంచి ఎడమ చెయ్యి మొత్తం వాచింది, జాకెట్ చెయ్యి ఎక్కట్లేదు, గాజులు కోయించేశాం, భుజం మీదా రొమ్ము పైనా నీలం నరాలు తేలాయి. ఫిస్టులా మూసేయించుకోండి వాపు అదే పోతుంది అంటున్నారు. మూసేస్తే మళ్ళీ మెడలో పైపేనా? వేరే దారి లేదా? (కవిటి, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: బాబూ, ముందు ఒకటి చెప్తాను, తొందరపడి ఫిస్టులా మూయించొద్దు. మూసేస్తే వాపు పోయే మాట నిజమే, దానితో పాటు అమ్మకున్న మంచి దారి కూడా పోతుంది. అది ఆఖర్న చేసే పని.

అసలేం జరిగిందో చెప్తే మీకే అర్థమవుతుంది. చేతిలో రక్తం చేతి నరాల్లోంచి చంకలోకి, అక్కణ్ణుంచి కాలర్ ఎముక కింద ఉండే సబ్‌క్లేవియన్ అనే పెద్ద సిరలోకి, తర్వాత ఛాతీ లోపల ఇంకో పెద్ద సిరలోకి, చివరికి రెండు వైపులదీ కలిసి ఒకే గొట్టంగా గుండె కుడి గదిలోకి దిగుతుంది. ఈ ఛాతీలో ఉన్నవాటినే సెంట్రల్ వెయిన్స్ అంటారు. ఊళ్ళో పిల్ల కాలవలన్నీ పెద్ద కాలవలో కలిసినట్టు అనుకోండి. ఫిస్టులా చేయడమంటే సిరని తీసుకొచ్చి ధమనికి కుట్టేయడం, అంటే మామూలుగా కొద్దిపాటి నీళ్ళు పారే పిల్ల కాలవలోకి ఒక్కసారిగా మోటారు వదిలినట్టు, మోచేతి దగ్గర ఫిస్టులాలో నిమిషానికి లీటరు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పారుతుంది. ఇప్పుడు కింద తూము దగ్గర పూడిపోయి ఉంటే ఏమవుతుంది, నీళ్ళు వెనక్కి తన్ని గట్లు పొంగుతాయి. అమ్మ చెయ్యి పొంగింది అందుకే. రొమ్ము మీద కనపడే నీలం గీతలు, దారి లేక రక్తం తవ్వుకున్న పక్క దారులు.

మరి తూము ఎవరు పూడ్చారంటే, చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది గానీ, చాలామటుకు మేమే. కాలర్ ఎముక కింద వేసిన ఆ మొదటి పైపు. లోపల పైపు ఊరికే ఉండదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఊపిరి తీసినప్పుడల్లా సిర గోడకి రాసుకుంటూనే ఉంటుంది, రాసుకున్నచోట గోడ మందమై గట్టిపడి సన్నబడుతుంది, మధ్యలో ఇన్‌ఫెక్షన్ కూడా తోడైతే ఇంక చెప్పేదేముంది. 1980ల్లో చాలా దేశాల్లో డయాలసిస్ పైపు కాలర్ ఎముక కిందే వేసేవాళ్ళు, వేయడం సులువు, రోగికి మెడ తిప్పుకోడానికి హాయి. తర్వాత కొన్నేళ్ళకి అదే వైపు ఫిస్టులా చేస్తే చేతులు వాచిపోవడం చూసి విషయం బయటపడింది. ఇప్పుడు పుస్తకాలన్నీ ముందు కుడి మెడలో వేయమనే చెప్తాయి, ఎందుకంటే కుడి మెడ నుంచి గుండెకి దారి దాదాపు నిట్టనిలువు, ఎడమ వైపు దారి పొడుగు, వంపులు కూడా ఎక్కువ, ప్రతి వంపు దగ్గరా రాపిడే. కాలర్ ఎముక కింద వేయడం ఇంకెక్కడా చోటు లేనప్పటి మాట.

ఆ రాత్రి వేసిన డాక్టర్ని నేను తిట్టను. అమ్మ ఆయాసంతో ఉన్నప్పుడు దొరికినచోట వేసి ప్రాణం నిలిపారు. కాకపోతే మీ ఉద్దానం జబ్బుకో చెడ్డ గుణం ఉంది, కాళ్ళవాపు రాదు, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, బీపీ కూడా చాలాకాలం మామూలుగానే ఉంటుంది, మనిషి పొలం పని చేసుకుంటూనే ఉంటాడు, తీరా తెలిసేసరికి క్రియాటినిన్ రెండంకెల్లో ఉంటుంది. ముందే తెలిస్తే పైపు లేకుండా నేరుగా ఫిస్టులాతోనే మొదలెట్టొచ్చు. మీ ఇంట్లో మిగతావాళ్ళు, మీతో సహా, ఏడాదికోసారి క్రియాటినిన్ చూపించుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

సరే ఇప్పుడేం చేయాలి. ముందు వెనోగ్రామ్ చేయించాలి, అంటే ఫిస్టులా చేతిలోంచే డై ఎక్కించి ఎక్కడ సన్నబడింది, ఎంత పొడవు, పూర్తిగా మూసుకుందా సందు ఉందా అని తెర మీద చూడటం. మామూలు డాప్లర్ స్కాన్ దీనికి సరిపోదు, చేతిలో నరాలు బాగా చూపిస్తుంది గానీ ఛాతీలోకి వెళ్ళేసరికి ఎముకలూ ఊపిరితిత్తులూ అడ్డం, అందుకే డాప్లర్ నార్మల్ అన్నారు సార్ అని చెయ్యి వాచి వచ్చేవాళ్ళు నా దగ్గరికి ఎంతమందో. వెనోగ్రామ్ చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టో వాస్క్యులర్ సర్జనో సందు దొరికితే అదే టేబుల్ మీద బెలూన్ కూడా వేసేస్తారు. గుండెకి వేసే బెలూన్ లాంటిదే కానీ సైజు పెద్దది, 12, 14 మిల్లీమీటర్లు. చాలామందికి రెండు మూడు రోజుల్లో చెయ్యి తగ్గడం కనపడుతుంది, ఫిస్టులా అలాగే ఉంటుంది.

ఇక్కడో నిజం దాచకూడదు. బెలూన్ వేశాక మళ్ళీ సన్నబడటం మామూలే, చాలామందికి ఏడాది తిరక్కుండానే మళ్ళీ వస్తుంది, కొందరికి మూడు నాలుగు నెలలకే. మళ్ళీ వేయించుకోవచ్చు. డాక్టరు మోసం చేశాడనుకోకండి, సిర గోడ తీరే అంత. బెలూన్ తీయగానే సాగిన రబ్బరులా వెంటనే ముడుచుకుపోతున్నా, మాటిమాటికీ తిరగబెడుతున్నా అప్పుడు స్టెంట్, అంటే సిర ముడుచుకోకుండా లోపల పెట్టే లోహపు వల గొట్టం, ఆలోచిస్తారు, ఈమధ్య పైన గుడ్డ తొడుగు లాంటి పొర ఉన్న స్టెంట్లు వాడుతున్నారు, మామూలు వాటికంటే కొంచెం మెరుగు. ఒక్కటి మాత్రం అడగండి, ఇరుకు సరిగ్గా కాలర్ ఎముకకీ మొదటి పక్కటెముకకీ మధ్యలో ఉందా అని. అక్కడ స్టెంట్ వేస్తే చెయ్యి ఎత్తినప్పుడల్లా రెండు ఎముకల మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నలిగి విరిగిపోతుంది, అలాంటప్పుడు ముందు ఆ పక్కటెముక తీసేయడం గురించి ఆలోచించాలి. అలాగే స్టెంట్ మెడ సిర మొదలుని మూసేయకుండా చూడమనండి, రేపు అవసరం పడితే ఆ దారి ఉండాలి.

ఫిస్టులాలో ప్రవాహం మరీ ఎక్కువ ఉందని తేలితే, రెండు లీటర్లూ అలా, దాన్ని కొద్దిగా బిగించి తగ్గించే చిన్న ఆపరేషన్ ఉంది, మోటారుకి వాల్వ్ తిప్పినట్టు, దానితో కూడా వాపు తగ్గుతుంది. ఇవేవీ కుదరక, చెయ్యి నల్లబడి పుళ్ళు పడే స్థితి వస్తేనే మూసేయడం. అదీ ముందు రెండో దారి రెడీ చేసుకున్నాక. ఈలోపు పడుకున్నప్పుడు చెయ్యి దిండు మీద ఎత్తులో పెట్టమనండి. మీ జిల్లాలోనే పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, ముందు అక్కడ కిడ్నీ డాక్టర్ (నెఫ్రాలజిస్టు)కి చూపించి వెనోగ్రామ్ చేసే చోటుకి రిఫరల్ రాయించుకోండి. పాత పైపులన్నీ ఏ వైపు ఎన్ని రోజులు ఉన్నాయో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, ఆ కాగితం మీ అమ్మ స్కానింగ్ ఫైలంత విలువైనది.

ప్రశ్న: సార్, నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఒక పేషెంటుకి ఈమధ్య మిషన్‌లో వీనస్ ప్రెషర్ (రక్తం తిరిగి ఒంట్లోకి పోయే వైపు ఒత్తిడి) ఎప్పుడూ లేనంత ఎక్కువ చూపిస్తోంది, సూది తీశాక పావుగంటలో ఆగే రక్తం అరగంటైనా ఆగట్లేదు. చెయ్యి మాత్రం వాయలేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కువైందేమో అని తగ్గించారు, ఐనా అంతే. (ఖమ్మం)

జవాబు: మీలాంటి వాళ్ళు నాలుగు చోట్ల ఉంటే నా పని సగం తగ్గుతుంది. రోగిని వారానికి మూడుసార్లు చూసేది మీరే, మేం నెలకోసారి. వాపు లేకపోయినా ఈ రెండూ కలిసి వస్తే పైన ఎక్కడో అడ్డం ఉందని అనుమానించాల్సిందే. అడ్డం చేతిలోనే ఉండొచ్చు, చంక దగ్గర ఉండొచ్చు, ఛాతీలోనూ ఉండొచ్చు. ఒకసారి పేషెంటు చెయ్యి పైకెత్తించి చూడండి, మంచి ఫిస్టులా ఐతే ఎత్తగానే ఉబ్బు తగ్గి చప్పబడుతుంది, ఎత్తినా టైరులా ఉబ్బే ఉంటే పోయే దారి సరిగా లేదన్నట్టు. జుమ్మనడం పోయి గుండెలా టక్ టక్ అని కొట్టుకుంటున్నా అదే అర్థం. ప్రతి సెషన్ ప్రెషరూ ఒకే పంపు స్పీడు దగ్గర నోట్ చేసి ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి, ఒకరోజు లెక్కతో ఏమీ తేలదు, పెరుగుతూ పోతోందా అన్నదే చూడాలి.

ఒక జాగ్రత్త కూడా. ఏ ఇబ్బందీ లేకుండా, వేరే దేనికో తీసిన స్కాన్‌లో సెంట్రల్ వెయిన్ సన్నగా ఉందని కనపడితే దాన్ని గెలక్కూడదు. బెలూన్ వేసినకొద్దీ గోడ రేగి ఇంకా త్వరగా మూసుకుపోతుంది. లక్షణం ఉంటేనే వైద్యం. మీ పేషెంటుకి లక్షణం ఉంది కాబట్టి పంపించండి.

ప్రశ్న: నాకు 44, డయాలసిస్ తొమ్మిదేళ్ళు. రెండు చేతుల ఫిస్టులాలూ పోయాయి, మెడలో రెండు వైపులా కలిపి ఆరుసార్లు పైపు వేశారు, ఇప్పుడు సీటీ తీసి పైన అన్నీ మూసుకుపోయాయి అన్నారు. ప్రస్తుతం గజ్జలో పైపు మీద నడుస్తున్నాను. కూర్చుంటే ఇబ్బంది, రెండుసార్లు జ్వరం వచ్చింది. ఇంక దారుల్లేవు అన్న మాట విన్నప్పటి నుంచి రాత్రుళ్ళు నిద్ర లేదు. నిజంగా ఏమీ లేవా? (గుంటూరు)

జవాబు: ఉన్నాయండి. మా ఆసుపత్రిలో చేసేవి అయిపోయాయి అనాల్సిన చోట మనవాళ్ళు దారుల్లేవు అనేస్తారు, వినేవాడి గుండె జారిపోతుందని ఆలోచించరు.

నేనైతే ముందు అడిగేది, అసలు రక్తనాళాలే అక్కర్లేని డయాలసిస్ గురించి మీకెవరన్నా చెప్పారా అని. పొట్టలోకి మెత్తటి పైపు వేసి రెండు లీటర్ల సంచి నీళ్ళు ఎక్కించి కొన్ని గంటలుంచి దించేయడం, రోజుకి మూడు నాలుగుసార్లు, ఇంట్లోనే. సీఏపీడీ అంటారు. సెంట్రల్ వెయిన్స్ పోయినవాళ్ళకి దీన్ని మించిన ఉపాయం తరచుగా ఉండదు, ఐనా మన దగ్గర ఎందుకో చివరాఖర్న గుర్తొస్తుంది. పొట్ట మీద పెద్ద ఆపరేషన్లు చాలా జరిగి ఉంటేనో, హెర్నియా ఉంటేనో కష్టం, హెర్నియా ఐతే సరిచేసి మొదలెట్టొచ్చు. శుభ్రమైన గది, చేతులు కడుక్కునే ఓపిక, నేర్చుకునే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. పైపు వేశాక వీలైతే రెండు వారాలు ఆగి వాడటం మంచిది, ఆ రెండు వారాలూ ఇప్పుడున్న గజ్జ పైపుతో నెట్టుకురావచ్చు.

రెండోది, మూసుకుపోయాయి అన్న సీటీ రిపోర్టుని అంత గట్టిగా నమ్మొద్దు. డై సరిగా ఎక్కకపోయినా మూసుకున్నట్టే కనపడుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు వెనోగ్రామ్ చేసి సన్నటి వైరుతో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు ప్రయత్నిస్తే చాలాసార్లు సందు దొరుకుతుంది. మామూలు వైరు దూరకపోతే సూది లాంటి పదునైన దానితో పొడిచి దారి చేసే పద్ధతి కూడా ఉంది, అది చేతివాటం ఉన్నవాళ్ళ పని, గుండెకి దగ్గర్లో సిర చిరిగితే ప్రాణం మీదకొస్తుంది, కాబట్టి పక్కనే గుండె సర్జన్లు ఉన్న పెద్ద సెంటర్లోనే చేయించుకోవాలి.

మూడోది కాలు. తొడలో ధమనికీ సిరకీ మధ్య గ్రాఫ్ట్, అంటే మెత్తటి కృత్రిమ గొట్టం, చర్మం కింద లాడం ఆకారంలో తిప్పి కుడతారు, లేదంటే మీ తొడ సిరనే పైకి తెచ్చి ఫిస్టులా చేస్తారు. గ్రాఫ్ట్ రెండు మూడు వారాల్లో సూదులకి సిద్ధమవుతుంది. చేతి గ్రాఫ్ట్ కంటే ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ, గజ్జ దగ్గర చెమట ఉంటుంది కదా. షుగర్ ఉంటే ముందు కాళ్ళకి రక్తం బాగా ఆడుతోందో లేదో చూడాలి, పాదానికి పోయే రక్తాన్ని గ్రాఫ్ట్ దోచేస్తే వేళ్ళు నల్లబడతాయి. గజ్జలో పైపు ఉందన్నారు కాబట్టి పొట్ట కింద సిరలు కూడా తెరిచే ఉన్నాయో లేదో ముందు చూడాలి, లేకపోతే చేతికి జరిగిన కథే కాలికీ జరుగుతుంది, చెయ్యి బదులు కాలు వాస్తుంది అంతే.

ఇక్కడే ఇంకో చిక్కుంది, అందుకే గజ్జ పైపు ఎక్కువ రోజులు వద్దనేది. మార్పిడి చేసే కొత్త కిడ్నీని వెనక నడుము దగ్గర పెట్టరు, ముందు పొత్తికడుపులో ఓ పక్కన పెట్టి అక్కడి పెద్ద రక్తనాళాలకే కుడతారు. గజ్జలో పైపులు పెట్టీ పెట్టీ ఆ సిరలు కూడా పాడైతే రేపు కిడ్నీ దొరికినా కుట్టే చోటుండదు. మీ వయసు 44 కాబట్టి ఇది మీకు చాలా ముఖ్యం. చనిపోయినవాళ్ళ అవయవాలు అవసరమైనవాళ్ళకి ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకున్నారా? లేకపోతే ఈ వారమే ఆ పని చూడండి, ఇంట్లో ఇచ్చేవాళ్ళుంటే ఇంకా మంచిది. దారులు అయిపోతున్న రోగి విషయంలో మార్పిడిని తొందరపెట్టాలి, ఆ సంగతి మీ నెఫ్రాలజిస్టుతో గట్టిగా మాట్లాడండి.

ఇవి కాక ఛాతీ మీదుగా ఒక చంక ధమని నుంచి రెండో చంక సిరకి నెక్లెస్‌లా గొట్టం తిప్పడం, వెన్ను పక్కనుంచి పొట్టలో పెద్ద సిరలోకి పైపు వేయడం, కాలేయం గుండా పైపు వేయడం, ఇలాంటివి కూడా ఉన్నాయి. వినడానికి భయమేస్తుంది, నిజమే, ఆఖరి అస్త్రాలవి. నెక్లెస్ పద్ధతి ఒక వైపన్నా ఛాతీ సిర తెరిచి ఉన్నవాళ్ళకే. మీ విషయంలో నేనైతే పొట్ట డయాలసిస్, లేదంటే వెనోగ్రామ్ చూసి దారి తెరవడం, తర్వాత తొడ, ఈ వరసలో ఆలోచిస్తాను.

ప్రశ్న: మా అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు, ఆయనకి ఇలాగే ఛాతీలో సిరలు మూసుకుంటే హీరో గ్రాఫ్ట్ అని వేశారట. సినిమా పేరులా ఉంది, ఏంటది? (విజయవాడ)

జవాబు: పేరు అలా ఉంది గానీ అమ్మా, పని మాత్రం తెలివైంది. హీమోడయాలసిస్ రిలయబుల్ ఔట్‌ఫ్లో అన్న మాటల మొదటి అక్షరాలవి. అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది. రెండు ముక్కలుంటాయి, ఒకటి జబ్బలో ధమనికి కుట్టే గ్రాఫ్ట్, లోపలి వెడల్పు 6 మిల్లీమీటర్లు, రెండోది మెడ సిరలోంచి దూర్చి ఇరుకు చోటు దాటించి కొసని నేరుగా గుండె కుడి గదిలో వదిలే సిలికాన్ గొట్టం, నలగకుండా లోపల లోహపు అల్లిక ఉంటుంది. రెండూ భుజం దగ్గర కలుపుతారు. అంటే పూడిన తూముని బాగుచేయకుండా దాని మధ్యలోంచే పైపు లైను లాగేసినట్టు. మొత్తం చర్మం కిందే ఉంటుంది, బయటికి ఏమీ వేలాడదు, అందుకే మామూలు మెడ పైపు కంటే ఇన్‌ఫెక్షన్ తక్కువ, స్నానం హాయిగా చేయొచ్చు. గొడవల్లా గడ్డకట్టడంతోనే, అప్పుడప్పుడూ శుభ్రం చేయించుకోవాల్సి వస్తుంది. జబ్బ ధమని మరీ సన్నగా ఉన్నా, బీపీ ఎప్పుడూ 100 లోపే ఉన్నా, గుండె బాగా బలహీనంగా ఉన్నా పనికిరాదు. మీ అన్నయ్యకి డయాలసిస్ రోజుల్లో బీపీ బాగా పడిపోకుండా చూసుకోమనండి, బీపీ పడితే గ్రాఫ్ట్ గడ్డకడుతుంది.

ఆ గొట్టం దూర్చడానికి కూడా సందు లేనంతగా మూసుకుంటే ఇంకో విడ్డూరం ఉంది, గజ్జలోంచి పరికరం పైకి పంపి గుండె దాటించి, మూసుకున్న సిరలోంచి లోపలి నుంచి బయటికి, కుడి కాలర్ ఎముక పైన చర్మంలోంచి సూది తేల్చి, ఆ దారినే మళ్ళీ పైపు లోపలికి లాగడం. అమెరికాలో దానికి అనుమతి 2020లో వచ్చింది. ఇల్లు లోపల గడియ పడిపోతే కిటికీలోంచి దూరి తలుపు లోపలి నుంచి తీసినట్టన్నమాట.

ప్రశ్న: మా నాన్నకి 66, క్రియాటినిన్ 5.2, డయాలసిస్ ఇంకా మొదలవలేదు. గుండెకి పేస్‌మేకర్ ఎడమ వైపు ఉంది. ఆయనది కుడి చేతివాటం కాబట్టి ఎడమ చేతికే ఫిస్టులా చేస్తామన్నారు. చేయించొచ్చా? (కరీంనగర్)

జవాబు: ఆగండి. కుడి చేతివాటం వాళ్ళకి ఎడమ చేతికి చేయడం మామూలు రివాజు, కానీ పేస్‌మేకర్ ఉన్నప్పుడు ఆ రివాజు మార్చాలి. పేస్‌మేకర్ వైర్లు పోయేది కూడా అదే కాలర్ ఎముక కింద సిరలోంచి, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి, పైపు చేసే రాపిడే అవీ చేస్తాయి. రక్తం తక్కువగా పారినంత కాలం ఏమీ తెలియదు, ఫిస్టులా చేసి ప్రవాహం పెంచగానే చెయ్యి వాస్తుంది. కాబట్టి నాన్నగారికి కుడి చేతి నరాలు చూడమని అడగండి, అన్నం తినే చెయ్యి అని వెనకాడకండి, డయాలసిస్ రోజు నాలుగు గంటలు తప్ప ఆ చేత్తో అన్నీ చేసుకోవచ్చు. కుడి చెయ్యి పనికిరాదంటే అప్పుడు ఎడమ వైపు వెనోగ్రామ్ చేసి దారి తెరిచుందని తేలాకే చేయాలి. ఇంకా డయాలసిస్ మొదలవలేదు కాబట్టి డై ఎక్కువైతే మిగిలిన కిడ్నీ కూడా దెబ్బతింటుంది, డై బాగా తక్కువ వాడమనో, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో చేసే వీలుందేమో చూడమనో ముందే చెప్పండి. మీరు నయం, పైపు పడకముందే అడిగారు. ఫిస్టులా చేసిన రోజే వాడటం కుదరదు, పండటానికి నెలన్నర, ఒక్కోసారి మూడు నెలలు, అందుకే కిడ్నీ పనితీరు 15, 20 శాతం మధ్య ఉండి దిగిపోతున్నప్పుడే సర్జన్ని కలవమంటాం. క్రియాటినిన్ 5.2 అంటే ఆ వయసులో ఇంకా కిందే ఉంటుంది, ఆలస్యం చేయొద్దు.

ఇంకో పని ఈ రోజు నుంచే. జ్వరమనో నీరసమనో ఎక్కడికెళ్ళినా సెలైన్ సూది, రక్తపరీక్ష సూది అరచేతి వెనకే వేయించండి, ముంజేతిలో, మోచేతి మడతలో వద్దు. మన ఊళ్ళల్లో చిన్న నీరసానికి కూడా సెలైన్ ఎక్కించందే వైద్యం చేసినట్టుండదు, అలా ఎక్కించీ ఎక్కించీ ఫిస్టులాకి పనికొచ్చే నరాలన్నీ గట్టిపడిపోతాయి. జబ్బ నుంచి గుండె దాకా వేసే పిక్ లైన్ అసలే వద్దు. మణికట్టు దగ్గర ధమనినీ సిరనీ కలిపే ఫిస్టులా ఆలోచన న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో, సర్జన్ అపెల్ వాళ్ళది, 1966లో పత్రికలో రాశారు, అరవై ఏళ్ళైనా దాన్ని మించింది రాలేదు, ఐతే దానికి ముడిసరుకు మాత్రం రోగి సొంత నరమే. అది మిగిలుంటేనే మేమైనా చేయగలిగేది.

ప్రశ్న: ఫిస్టులా చెయ్యి వాచింది. ఆముదం రాసి మర్దన చేసి ఆకు కట్టు కడితే దిగుతుందని మా అత్త అంటోంది. చేయొచ్చా? (అనకాపల్లి)

జవాబు: మర్దనా వద్దు, కట్టూ వద్దు. గట్టిగా కడితే ఫిస్టులా ఆ రాత్రికే గడ్డకట్టి పోతుంది, మర్దనకి సూది పడ్డ చోట రక్తం కారొచ్చు, ఆకు పసరుకి చర్మం పొక్కితే ఇన్‌ఫెక్షన్ నేరుగా రక్తంలోకే. అత్తగారిని నొప్పించకుండా ఆముదం కాళ్ళకి రాయించుకోండి, చెయ్యి మాత్రం దిండు మీద పెట్టుకుని, జుమ్మనడం ఉందో లేదో రోజూ పొద్దున్నా సాయంత్రం చూసుకుంటూ, ఈ వారంలోనే డాక్టర్‌కి చూపించండి. జుమ్మనడం ఆగిపోయినా, ముఖం కూడా వాచినా, ఊపిరి ఆడకపోయినా వారం దాకా ఆగొద్దు, ఆ పూటే వెళ్ళండి.